ఫ్రిస్కో ఇంజను

గన్నవరంలో మా వీధి చివరి ఇల్లు డ్రైవరు గారిది. ఆ ఉద్యోగాన్ని లోకో పైలట్ అనడం మొదలై ఏళ్లయినా మా వీధికి ఆయన డ్రైవరు గారే. నాకు బాబాయ్. విజయవాడ డీజిల్ షెడ్డులో అసిస్టెంటుగా చేరి, 2600 హార్స్ పవర్ ఆల్కో ఇంజన్ల మీద గూడ్సు బళ్లు లాగి, చివరికి మెయిల్ డ్రైవరుగా దిగారు. డ్యూటీ రోజుల నాటి ఇనప లైన్ బాక్సు ఇప్పటికీ మంచం కింద ఉంది. ఒకప్పుడు అందులో జెండాలు, డిటోనేటర్లు, రూల్సు పుస్తకం ఉండేవి. ఇప్పుడు గడియారాలు బాగుచేసేవాళ్ల సన్న స్క్రూడ్రైవర్లు, అరిగిన టూత్ బ్రష్షులు, కుట్టుమిషను నూనె, స్పిరిటు, దూది ఉంటాయి. వాటి పక్కన పాత బనీను గుడ్డల్లో చుట్టిన జానెడు రైలింజన్లు.

ఇవి సంతలో దొరికే తాళంచెవి రైళ్లు కావు. అసలు రైలుని కొలత తప్పకుండా తగ్గించి చేసిన నమూనాలు. ప్రపంచంలో ఎక్కువమంది పెట్టుకునేది హెచ్‌ఓ కొలత, అంటే 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. పట్టాల్లోకి 12 వోల్టుల డీసీ కరెంటు ఇస్తే చక్రాల గుండా మోటారుకి అందుతుంది. బాబాయ్ సర్వీసులో నడిపిన 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల గూడ్సుని ఈ కొలతలో నిలబెట్టాలంటే ఏడు మీటర్ల పైనే చోటు కావాలి. ఆయన ముందుగది నాలుగు మీటర్లు లేదు. అందుకే గోడ వెంబడి బల్ల వేసి, దాని మీద పట్టా గుండ్రంగా తిప్పుకున్నారు. అయిదు పెట్టెలకి మించి కట్టరు. ఆ పెట్టెల్లో రెండు కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేయించినవి. మన ప్యాసింజరు పెట్టెలు ఈ కొలతలో దొరకడం కష్టం. దొరికినా పింఛనుతో కొనే ధర కాదు.

డబ్బు సంగతి చెప్పుకోవాలి. జర్మనీలో మెర్క్‌లిన్ కంపెనీ 1859 నాటిది. ఇంగ్లండులో హార్న్‌బీ రైళ్లు 1920లో మొదలయ్యాయి. అంత పాత సరదా అది, అంత ఖరీదైన సరదా కూడా. మంచి ఇంజను కొత్తది కొనాలంటే మన డబ్బుల్లో పదిహేను, ఇరవై వేలు. దాని మీద మన దగ్గర సుంకం. విదేశీ బొమ్మల మీద సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. మన బొమ్మల తయారీదారులకి అది మేలు చేసిన నిర్ణయమే. కాకపోతే బాబాయ్‌కి కావలసినవి ఇక్కడ తయారయ్యేవి కావు. పింఛనులోంచి ఆయన నెలకి పక్కన పెట్టేది రెండు వేలు. ఇంటి ఖర్చు, పిన్ని షుగరు మందులు, కరెంటు బిల్లు పోగా మిగిలేది అంతే. పిన్ని కూడా ఆ రెండు వేల జోలికి వెళ్లదు.

కాబట్టి వాడేసిన సరుకు. అదీ ఆన్‌లైన్ వేలంలో. ఖాతా నా పేరు మీద, కార్డు నాది, రూపాయలు ఆయనవి. ఈబే 1995లో అమెరికాలో పుట్టినప్పుడు అందులో మొదట అమ్ముడైన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్ అని, 14 డాలర్ల 83 సెంట్లకి పోయిందని ఒకసారి చెప్పాను. బాబాయ్ ఎంత సంతోషపడ్డారో. "చూశావా, పాడైనదానికి కూడా విలువ కట్టే మనిషి ఎక్కడో ఒకడుంటాడు" అన్నారు. ఆ కంపెనీ 2004లో బాజీ డాట్‌కామ్‌ని కొని మన దేశంలోకి వచ్చింది. ఇక్కడి సైటు 2018 ఆగస్టులో మూతపడింది. అప్పటినుంచి మేం చూసేవన్నీ పరదేశం వేలాలే. కొన్నది టెక్సాస్‌లో ఇర్వింగ్‌లో ఉన్న మా వీధి మాష్టారి అమ్మాయికి చేరుతుంది. ఆ అమ్మాయో, ఆమె స్నేహితులో వచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెస్తారు.

తక్కువ డబ్బుతో మంచి ఇంజను పట్టడం ఎలాగో బాబాయ్ దగ్గర నేర్చుకోవాలి. 'నడవదు, విడిభాగాలకి పనికొస్తుంది' అని రాసినవాటినే ముందు చూస్తారు. ఇరవై ముప్ఫై ఏళ్లు అటక మీద పడున్న ఇంజను నడవకపోతే, పదింట ఏడెనిమిదింటికి జబ్బు ఒకటేనంటారు. గేర్లలోని గ్రీజు ఎండి లక్కలా బిగుసుకుపోవడం. విప్పి, స్పిరిటుతో కడిగి, ఒక చుక్క నూనె వేస్తే లేచి నడుస్తుంది. అదే గేరు పళ్లు చిట్లితే వైద్యం లేదు. అందుకని ఫొటోని వేళ్లతో పెద్దది చేసి ఇరుసుల దగ్గర చూడమంటారు. కంపెనీ పేరు రాయకుండా 'పాత రైలు' అని మాత్రమే పెట్టిన సరుకుకి పోటీ తక్కువ, దాన్ని వదలరు. అమెరికా పవర్ ప్యాకు ఉచితంగా ఇస్తానన్నా వద్దంటారు. అది 120 వోల్టులది, మన 230లో పెడితే పొగ వస్తుంది. మెర్క్‌లిన్ హెచ్‌ఓ ఇంజన్ల జోలికి వెళ్లరు. అవి పట్టా మధ్యలోంచి కరెంటు తీసుకునే ఏసీ రకం, ఈయన పట్టా మీద కదలవు. పోస్టు ఖర్చు కలిపి లెక్క కట్టాకే ధర పాడమంటారు. గరిష్ఠంగా ఎంతవరకు వెళ్తామో సైటుకి ముందే చెబితే, అవతలివాడి పాటని బట్టి అదే ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోతుంది. ఆ గరిష్ఠం గుండు సంఖ్య కాకుండా పైన కొన్ని సెంట్లు చేర్చమంటారు. గుండు సంఖ్య దగ్గర ఆగినవాడి మీద ఆ సెంట్లతోనే గెలుస్తాం. చివరి పది సెకన్ల దాకా చెయ్యి పెట్టవద్దంటారు.

25 డాలర్లు దాటకూడదు. ఇది ఆయన పెట్టుకున్న కట్టుబాటు. ఎంత ముచ్చటైన ఇంజనైనా ధర 25 దాటగానే "పోనీలే, ఇంకో బండి వస్తుంది" అని లేచి వెళ్లిపోయేవారు.

బాబాయ్‌కి ఒక్కడే కొడుకు. టెక్సాస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్లో ఉద్యోగం, అక్కడే ఇల్లు. మనవాళ్లు చాలామంది ఉన్న ఊరు. కొడుకు ఆ ఊరికి మారాడని తెలిసినప్పుడు బాబాయ్ నాచేత దాని చరిత్ర అంతా వెతికించారు. ఆ ఊరికి ఆ పేరు 1904లో రైల్వే మీద పెట్టారు. సెయింట్ లూయిస్ - శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేని అక్కడి జనం ముద్దుగా ఫ్రిస్కో అనేవారు. ఆ రైల్వే 1980లో బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసిపోయింది. ఊరి పేరు మాత్రం నిలిచింది. అక్కడ రైల్వే మ్యూజియం కూడా ఉంది. "రైలు పేరు పెట్టుకున్న ఊళ్లో నా మనవడు పెరుగుతున్నాడు" అని వీధిలో అందరికీ చెప్పారు.

ఆ మనవడి కోసమే ఫ్రిస్కో రైల్వే రంగుల్లో ఉన్న ఇంజను ఒకటి వేలంలో పట్టారు. జీపీ38-2 రకం డీజిలు. నారింజ ఎరుపు, తెలుపు, పక్కన ఫ్రిస్కో అని పెద్ద అక్షరాలు. నడవని సరుకే. 19 డాలర్లకి వచ్చింది. దాన్ని పూర్తిగా విప్పి, కార్బన్ బ్రష్షులు మార్చి, చక్రాలు తుడిచి, కొత్తదానిలా చేశారు. ఆ చేతులు పనిచేస్తుంటే చూడటం నాకు ఇష్టం. ఒక్కో స్క్రూ తీసి, తీసిన వరసలోనే తెల్ల గుడ్డ మీద పేరుస్తారు. బిగించేటప్పుడు ఆ వరస వెనక నుంచి మొదలవుతుంది.

అంతా అయ్యాక ఇంజనుని బోర్లించి, సన్న కుంచెతో అడుగున తెల్ల రంగుతో రాస్తారు. రైల్వేలో పెట్టెలకీ వ్యాగన్లకీ నిర్ణీత కాలానికోసారి వర్క్‌షాపులో సంపూర్ణ మరమ్మతు జరుగుతుంది. దాన్ని పీఓహెచ్ అంటారు. చేసిన వర్క్‌షాపు పేరు, తేదీ, మళ్లీ ఎప్పుడు రావాలో ఆ రిటర్న్ డేటు బండి మీదే రాస్తారు. రాయనపాడు దగ్గర గుంటుపల్లి వర్క్‌షాపు నుంచి వచ్చే వ్యాగన్ల మీద మీరూ చూసే ఉంటారు. బాబాయ్ చేతిలో బాగుపడిన ప్రతి ఇంజనుకీ ఆ రాత ఉంటుంది. మనవడి ఇంజనుకీ రాశారు. 'పీఓహెచ్ గన్నవరం 18-6-22. రిటర్న్ 6-24.'

ఆ వేసవికి కొడుకు కుటుంబం వచ్చింది. తిరుగు ప్రయాణం రోజున బాబాయ్ ఇంజనునీ, రెండు వ్యాగన్లనీ, పట్టా ముక్కలనీ ఒక పెట్టెలో సర్ది మనవడి చేతిలో పెట్టారు. "రెండేళ్లకి దీన్ని షెడ్డుకి తీసుకురావాలి నాన్నా. నూనె వేసి పంపుతా" అన్నారు. ఆరేళ్ల పిల్లాడు బుద్ధిగా తలూపాడు.

2024 వేసవికి వాళ్లు రాలేదు. సెలవులు కుదరలేదన్నారు.

ఆ నవంబరులో ఒక సాయంత్రం నేను ఫోన్లో వేలాలు చూపిస్తుంటే బాబాయ్ చెయ్యి పట్టుకుని ఆపారు. ఫ్రిస్కో రంగుల జీపీ38-2. రెండు వ్యాగన్లు, కాస్త పట్టా. ఫొటోలు రెండే, పక్కనుంచి తీసినవి. 'మంచి స్థితిలో ఉంది. మావాడు పెద్దగా ఆడలేదు. ఇంట్లో చోటు లేక ఇచ్చేస్తున్నాం' అని ఇంగ్లీషులో రెండు ముక్కలు. సరుకున్న చోటు ఫ్రిస్కో, టెక్సాస్. ఆ రైల్వే రంగుల ఇంజన్లు ఆ ఊళ్లో కాకపోతే ఇంకెక్కడుంటాయి. అందులో వింత ఏముంది.

"ఎవరి పిల్లాడో, పాపం. రైలు చేతిలో పెడితే ఆడకుండా ఉంటాడా? పెద్దాడైపోయుంటాడు" అన్నారు.

"25 లోపు రావడం కష్టం బాబాయ్. ఇది నడిచే బండి. ఇప్పటికే ఆరుగురు పాడుతున్నారు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మనసులో మాట చెప్పారు. మనవడి దగ్గర ఒక ఫ్రిస్కో ఇంజను ఉంది. సరిగ్గా అలాంటిదే తన దగ్గరా ఉంటే, ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి బండి తియ్యచ్చు. "వాడు అక్కడ పచ్చజెండా ఊపితే నేను ఇక్కడ స్టార్ట్ చేస్తా. నేను ఆపితే వాడు ఆపాలి. ఫోనులో వాడికి నాతో మాట్లాడటానికి ఏమీ ఉండట్లేదురా అబ్బాయ్. 'హాయ్ తాతా' అని వెళ్లిపోతున్నాడు. రెండు బళ్లు ఉంటే మాటలు అవే వస్తాయి."

కొడుకు ఊరే కదా, అతన్నే వెళ్లి తీసుకోమంటే పోస్టు ఖర్చు మిగులుతుంది కదా అన్నాను. వద్దన్నారు. 'పాత సామాను ఎందుకు నాన్నా' అంటాడని ఒక బెంగ. మనవడికి ముందే తెలిసిపోతుందని ఇంకో బెంగ.

వేలం అక్కడి ఆదివారం రాత్రి 8 గంటలకి ముగుస్తుంది. మనకి సోమవారం పొద్దున్న ఏడున్నర. పిన్ని ఇచ్చిన కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఇద్దరం ఫోను ముందు కూర్చున్నాం. ధర 22 దాటింది. 25 దాటింది. బాబాయ్ లేవలేదు. 31 అయింది. "ఇంకా ఎంతవరకు?" అన్నాను. లోపలికి వెళ్లి ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టారు. కళ్లజోడు అద్దాలు మార్చుకోవడానికి దాచుకున్న డబ్బు. పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది, ఒక్క మాట అనలేదు. "అద్దాలు సంక్రాంతి తర్వాత చూసుకోవచ్చు. నువ్వు పాడు" అన్నారు. చివరి సెకన్లలో 47 దగ్గర మాకు ఖాయమైంది. పోస్టు ఖర్చుతో 61 డాలర్లు. అయిదు వేల పైమాట. బాబాయ్ రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని ఊపేశారు.

సంక్రాంతికి మాష్టారి అమ్మాయి వచ్చింది. సూట్‌కేసులో చోటు చాలక అట్టపెట్టె తీసేసి, గాలి బుడగల కవరులో చుట్టి తెచ్చింది. పెట్టె మీది చిరునామా కాగితం మాత్రం కత్తిరించి అందులోనే పెట్టింది. భోగి మర్నాడు పండగ వంట హడావుడిలో కూడా బాబాయ్ బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి నన్ను పిలిపించారు. విప్పారు. రంగు ఎక్కడా పోలేదు. ముందు పీఓహెచ్ చెయ్యాలి, తర్వాతే పట్టా ఎక్కించాలి, అది ఆయన పద్ధతి. ఇంజనుని బోర్లించారు. పాత కళ్లజోడు పైకీ కిందకీ జరిపి చూశారు.

"అడుగున తెల్లగా ఏదో ఉంది. చదువు."

వెలుతురులోకి తిప్పి చదివాను. సగం చదివాక గాని నేను తెలుగు చదువుతున్నానని నాకు తట్టలేదు. 'పీఓహెచ్ గన్నవరం 18-6-22. రిటర్న్ 6-24.'

బాబాయ్ దాన్ని నా చేతిలోంచి తీసుకున్నారు. చక్రం అంచుని బొటనవేలితో రుద్ది వేలు చూసుకున్నారు. పట్టా మీద తిరిగిన చక్రానికి నల్లటి మడ్డి పడుతుంది. ఆ వేలికి ఏమీ అంటలేదు. తాను తుడిచి పంపినట్టే ఉన్నాయి చక్రాలు. తర్వాత కవరులోని చిరునామా కాగితం తీసి చూశారు. అద్దాలు మార్చకపోయినా ఆ అంకెలు ఆయనకి కనపడ్డాయి. ఏటా ఆవకాయ పార్సిలు మీద ఆ ఇంటి నంబరు రాసేది ఆయనే. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"రిటర్న్ డేటు దాటి ఆర్నెల్లయింది. ఎలాగైతేనేం, షెడ్డుకి వచ్చింది" అన్నారు. స్క్రూడ్రైవరు తీసుకుని మొదటి స్క్రూ విప్పడం మొదలుపెట్టారు. పిన్నికి చెప్పవద్దని నాకు సైగ చేశారు.

ఆ ఆదివారం కొడుకు వీడియో కాల్ చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పండగ ఎలా జరిగింది, అరిసెలు చేశారా, బీపీ చూపించుకున్నారా, అన్నీ అడిగాడు. మనవడు వచ్చి 'హాయ్ తాతా' అన్నాడు. ఇంజను బల్ల మీద, ఫోనుకి కనపడని పక్క ఉంది.

"రైలు నడుపుతున్నావా నాన్నా?" అని అడిగారు బాబాయ్.

పిల్లాడు తండ్రి వైపు చూశాడు. కొడుకే జవాబు చెప్పాడు. "రోజూ నడుపుతాడు నాన్నా. స్కూలు నుంచి రాగానే దాని దగ్గరికే."

"మంచిది. జాగ్రత్తగా చూసుకోమను" అన్నారు బాబాయ్.

నాలుగు రోజుల తర్వాత సైటు నుంచి నాకు మెయిలు వచ్చింది. కొన్న వస్తువు మీద, అమ్మినవారి మీద మీ అభిప్రాయం రాయమని. ఏం రాయమంటారని బాబాయ్‌ని అడిగాను. నాకు కోపంగా ఉంది, ఒక్క నక్షత్రం కూడా ఇవ్వాలని లేదు. ఆయన ఒప్పుకోలేదు. "అయిదు ఇవ్వు. వస్తువు చెప్పినట్టే ఉంది, భద్రంగా కట్టి పంపారు అని రాయి. వాడు రాసినదాంట్లో అబద్ధం లేదు కదా. మావాడు పెద్దగా ఆడలేదనే రాశాడు."

ఆయన చెప్పినట్టే రాశాను.

మర్నాడు పొద్దున్నకి అమ్మినవారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "మంచి కొనుగోలుదారు. వెంటనే డబ్బు కట్టారు. మా అబ్బాయి పాత బొమ్మలు ఇంకా ఉన్నాయి. మళ్లీ రండి."